మామిడి కుప్పల మధ్య నైహంచి

వేసవి మొదలై, తిరువూరు సెంటర్లో బండ్ల మీంచి వరిగడ్డిలో మాగిన మామిడి వాసన తగిలితే చాలు, నా కాళ్లు ఇప్పటికీ వాటంతటవే పక్కకి జరుగుతాయి. చూసినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి, అది మస్తాన్ మాస్టారు పెట్టిన అలవాటు.

మాస్టారు పగలంతా విస్సన్నపేటకి షేర్ ఆటో తోలేవారు. తెల్లవారుజామున మాత్రం, మేం ఊడ్చి నీళ్లు చల్లిన మామిడికాయల షెడ్డులో, జపాన్‌లోని ఒకినావా దీవుల్లో పుట్టి గురువు నుంచి శిష్యుడికి అందుతూ ఆయనదాకా వచ్చిన పాత కరాటే నేర్పేవారు. ఎగిరి తన్నడాలూ పెంకులు పగలగొట్టడాలూ ఉంటాయని ఆశపడి చేరిన మాకు, తాడు చుట్టిన చెక్కని గుద్దడం, మోకాళ్లు వంచి నిలబడడం తప్ప ఇంకేమీ దక్కలేదు. అడిగితే, "పెంకులు పగలగొట్టడానికి మనూళ్లో కోతులు చాలవంట్రా?" అనేవారు.

చలికాలం షెడ్డంతా మాదే. ఎండలు ముదిరేసరికి బంగినపల్లి, చిన్నరసాల కుప్పలు నేలంతా ఆక్రమించి, మధ్యలో మనిషి అడ్డంగా నడిచేంత దారే మిగిలేది. ఇక అప్పుడు నైహంచి ఒక్కటే సాధన: ముందుకీ వెనక్కీ పోకుండా, గోడకి వీపు ఆనించినట్టు పక్కలకే కదులుతూ చేసే వరస. షెడ్డు యజమాని నాయుడుగారు "ఒక్క కాయ నలిగినా రేపట్నుంచి రావద్దు మస్తానూ" అని ముందే చెప్పేశారు. ఊళ్లో మాకు ఇంకెవరూ చోటిచ్చేవాళ్లు కాదు. అందుకే మాస్టారిది రోజూ ఒకటే మాట: "ముందు కాలు, తర్వాతే బరువు."

ఒకరోజు నాయుడుగారు గుమ్మంలో నిలబడి చూస్తుండగా, నా ముందున్న కుప్ప జారింది. చూపు పక్కకే ఉంచాలి గనక నేను గమనించలేదు. కాలి మీదుగా కాలు దాటించి వేసిన చోటికే ఓ పండు దొర్లుకొచ్చి అరికాలికి మెత్తగా తగిలింది. అమ్మో, నా పనే కాదు, అందరి పనీ అయిపోయిందనుకున్నాను. కానీ బరువు ఇంకా రెండో కాలి మీదే ఉంది. తగిలిన పాదాన్ని తేల్చి, పండు పక్కన ఆనించి, వరస పూర్తిచేశాను. నాయుడుగారు ఆ పండు తీసి, వెలుతురులో తిప్పి తిప్పి చూసి, నొక్కి చూసి, నా చేతిలో పెట్టారు.

"తినమ్మా. మీ మాస్టారు గట్టోడే," అన్నారు.

మాస్టారు నన్ను ఆటోలో ఇంటిదాకా దింపి, మా నాయనమ్మతో "మీ మనవరాలు ఇవాళ మా షెడ్డు నిలబెట్టిందండీ" అని చెప్పారు. 'ఆడపిల్లకి ఈ తన్నులాటలేంటే' అని రోజూ సణిగే నాయనమ్మే ఆ మాట వీధంతా చెప్పుకొచ్చింది. ఇక నా గర్వానికి పట్టపగ్గాల్లేవు.

ఇప్పుడా షెడ్డు లేదు. అక్కడ ఏసీ ఫంక్షన్ హాలు లేచింది. గడ్డీ లేదు, కుప్పలూ లేవు, కాయలు తోటల్లోంచి అటునుంచటే లారీలెక్కి పోతున్నాయి. మొన్న అదే హాల్లో శిష్యులమంతా మాస్టారికి సన్మానం చేశాం. ఆయనకి చూపు బాగా తగ్గింది. వేదిక మెట్ల దగ్గర నేను చెయ్యి అందించబోతే నవ్వి తోసేశారు. చెప్పులు విప్పి, అరికాలితో మెట్టు అంచు తడిమి చూసుకుని, అప్పుడు బరువు వేశారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలు, నా దగ్గర నేర్చుకుంటున్నవాళ్లు, ఎవరూ చెప్పకుండానే ఒక్క గొంతుతో అరిచారు: "ముందు కాలు, తర్వాతే బరువు!"

మాస్టారు మెట్టు మీదే ఆగిపోయారు. "ఎవరమ్మా వీళ్లు?" అన్నారు.

"మీ మనవలే, మాస్టారూ," అన్నాను.