మొదటి ర్యాంకు మంద

గొర్రెల ఫారాల సామర్థ్యం కొలవడం అనే మాట వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మస్కట్‌లోని మా ఆఫీసు నన్ను ఆ పని మీదే షినాస్ వైపు పంపింది. ఎంత దాణా, ఎన్ని నీళ్లు, ఎంతమంది మనుషులు పెడితే ఎన్ని పిల్లలు బతికాయో, ఎంత బరువు తూగాయో ట్యాబ్‌లో నింపుకుని రావాలి. తక్కువ పెట్టి ఎక్కువ తీసినవాడికి మంచి ర్యాంకు. జన్మలో గొర్రెను ముట్టుకోని మేనేజరు ఏసీ గదిలో కూర్చుని తయారుచేసిన పట్టిక అది.

మొదటి ర్యాంకు వచ్చిన మందను చూసుకునేది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కురుమ మనిషి. ఒక్కడే. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లి లేని పిల్లకు తొడిగి, ఆ వాసనకు పిల్ల పోయిన గొర్రె తన పిల్లే అనుకుని పాలిచ్చేదాకా పక్కనే కాచుకుని కూర్చోవడం నేను చూశాను. అన్నం కూడా అక్కడే తిన్నాడు. తాత దగ్గర నేర్చుకున్నాడట. బతికిన పిల్లకు మా పట్టికలో గడి ఉంది, ఆ కూర్చోవడానికి లేదు.

మూడేళ్లుగా అతను ఇంటికి వెళ్లలేదు. కూతురు పుట్టాక ఫోనులో తప్ప చూడలేదు. ఇంకో మనిషి రాగానే సెలవిస్తానని అర్బాబ్, అంటే ఆ ఫారం యజమాని, మాటిచ్చాడు.

ర్యాంకు సంగతి చెప్పడానికి స్వీట్లు పట్టుకుని మరీ వెళ్లాను. బుద్ధి గడ్డి తినడమంటే అదే. రిపోర్టు చూసి అర్బాబ్ మురిసిపోయాడు. ఒక్కడితోనే ఇంత బాగా నడుస్తుంటే రెండోవాడు ఎందుకన్నాడు. కొత్త మనిషికి వీసా తీయడం మానేశాడు, దాంతో సెలవూ పోయింది. తప్పంతా ఆయనదే అనను. మనుషులను పెంచనవసరం లేదని రిపోర్టు చివర రాసింది మా ఆఫీసే. కింద సంతకం నాది.

నా కారు దాకా వచ్చి ఆ కురుమ మనిషి మెల్లగా అడిగాడు.

"సార్, పది పిల్లలు సచ్చినయని రాయున్రి. ఒక్కనితోని అయితలేదని రాయున్రి. గప్పుడన్న ఇంకొకన్ని తెస్తడు."

ఒక్క పిల్ల పోతే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడని మనిషి, తనను చేతకానివాడిగా రాయమంటున్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. అయినా నోటికి అలవాటైన జవాబే వచ్చింది.

"అబద్ధం ఎలా రాస్తానండీ?"

"మరి నా డ్యూటీ ఎన్ని గంటలని రాసిన్రు సార్?"

ఎనిమిదని రాశాను. ఆ గడి అంతకు మించి తీసుకోదు.