గాజుకు ఆనుకుని ఉండేది

ఎదురింటి కేబుల్ అబ్బాయి పోయాడని నిన్న పొద్దున మా కోడలు చెప్పింది. గుండె ఆగిందట. వీధి వీధంతా వెళ్లి చూసొచ్చింది. నేను మేడ మీద కిటికీలోంచి షామియానా గుడ్డ చూస్తూ కూర్చున్నాను. నాకు చదువు రాదు. మనవరాలి చేత రాయిస్తున్నాను, చెప్పింది చెప్పినట్టు రాయమని.

నేనొకసారి మెట్ల మీద జారానని మా కొడుకు అక్కడ గేటు పెట్టించి తాళం వేశాడు. నా మంచికేనట. అప్పటి నుంచి బయటివాళ్లలో నా కోసం పైకి వచ్చింది ఆ అబ్బాయొక్కడే. మా డాబా మీదుగా వైర్లు పోతాయి, పనున్నా లేకపోయినా కోడలి చేత తాళం తీయించుకుని, "పెద్దమ్మా, ఇయ్యాల ఎవర్ని తిడతన్నావు?" అంటూ వచ్చేవాడు. పండుమిరప పచ్చడి కలిపి పెడితే కళ్లు తుడుచుకుంటూ తినేవాడు.

ఒకనాడు వైరు ఒలిచి, లోపల వెలుగు పోయే వెంట్రుకంత గాజుపోగు చూపించాడు. పూత ఉన్నచోట వేలికి చుట్టినా ఏమీ కాలేదు. పూత తీసేసిన కొసను వంచగానే పుటుక్కుమంది. ఆ ముక్క నా కాలికి గుచ్చుకుంటుందని వెతికి, టేపుకు అంటించి డబ్బాలో వేశాడు. పూతలు రెండట. పైది గట్టిది, గీత పడనివ్వదు. లోపలిది మెత్తనిది, పైనున్న ఒత్తిడిని గాజు దాకా పోనివ్వదు.

"రెండూ గట్టియ్యే ఏస్తే పోలా?" అన్నాను.

"గట్టిది గాజుకే ఆనిందనుకో పెద్దమ్మా, అదే నొక్కుద్ది. ఎలుగు బయటికి కారిపోద్ది. ఆనుకుని ఉండేది మెత్తంగా ఉండాల."

నన్ను తాను పట్టుకుని దించుతానని మా వాణ్ణి కూడా అడిగాడు. పడితే నువ్వు చూస్తావా అన్నాడు మా వాడు. చూస్తానన్నాడు ఆ అబ్బాయి. గేటు మాత్రం తెరుచుకోలేదు. నా తరఫున అడిగిన మనిషి అతనే.

నిన్న నేనే మా వాణ్ణి అడిగాను. "ఒరేయ్, కుర్చీలో కూచోబెట్టి దించండి. ఒక్కసారి చూసొస్తా."

"నీకేమన్నా అయితే నేను బతకలేనమ్మా," అన్నాడు.

అది అబద్ధం కాదు. వాడికి ప్రేమ లేదని నేననను. ఆ ప్రేమ నాకెక్కడ ఒత్తుకుంటోందో వాడికి తెలియదు. మీరే చెప్పండి, వీధి దాటడానికి నాకు ఇంకెవరి చావు రావాలి?

చివరికి కోడలు అక్కడికి వెళ్లి మనవరాలి ఫోనుకు వీడియో కాల్ చేసింది. వీధికి అవతల పడుకున్నవాడు నా అరచేతిలో కనిపించాడు. ముక్కుల్లో దూది. నుదుటి మీద జుట్టు పడి ఉంది. పక్కకు తీద్దామని చెయ్యి చాచాను. వేలు తగిలి బొమ్మ పోయింది.

మనవరాలు మళ్లీ కలిపేసరికి అతన్ని ఎత్తేశారు. చాప మీద పూలరేకులు ఉన్నాయి, నడుమ మనిషి పడుకున్నంత మేర ఖాళీ ఉంది.