అల్ ఖర్జ్‌లో రుచి చూడని కూర

సౌదీ అరేబియాలోని అల్ ఖర్జ్‌లో చూడదగ్గవి ఏమున్నాయని అడిగేవాళ్ళకి నా ఈ ప్రయాణం పెద్దగా పనికిరాదు. అక్కడ పాల డైరీలున్నాయి, పశువుల మేత పెంచే పొలాలున్నాయి, వాటి మధ్య ఒక మామూలు ఊరుంది. నేను వెళ్ళింది ఒక కూర వండడానికి. అది కూడా మన కూర కాదు, మెక్సికో వాళ్ళది.

నేను హఫర్ అల్ బాతిన్‌లో నర్సుని. సుజాత అల్ ఖర్జ్‌లో నర్సు. కాకినాడ నర్సింగ్ స్కూల్లో నాకు రెండేళ్ళు జూనియర్, వాళ్ళ నాన్నగారు పాస్టరు. ఆమెతో ఒకే ఇంట్లో ఉండే రోసా అదే ఆసుపత్రిలో డైటీషియన్, మెక్సికో మనిషి. ఆగస్టు చివర్లో ఒక రాత్రి నిద్రలోనే రోసా గుండె ఆగిపోయింది. కాగితాలన్నీ తేలి శవపేటిక విమానం ఎక్కేసరికి సెప్టెంబరు దాటింది. ఆ పనులన్నీ సుజాతే చూసింది, ఎక్కడా కన్నీళ్ళు పెట్టలేదు. అదే నాకు నచ్చలేదు.

అక్టోబరు చివర్లో ఫోన్ చేసింది. "అక్కా, సమాధుల పండుగకి రాగలవా? నువ్వు రాకపోతే నేను దొడ్లోకి అడుగుపెట్టలేను."

దొడ్లో రోసా వేసిన కూరగాయల తోట ఉంది. రోసా తల్లి సుజాతని ఒక కోరిక కోరింది. నవంబరు రెండున మా కోస్తా క్రైస్తవులం సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. మెక్సికోలో ఆ రోజు చనిపోయినవాళ్ళు ఇంటికి వస్తారని నమ్మి, వాళ్ళకిష్టమైనవి వండి పెడతారట. వాళ్ళు వచ్చి వంటలోని రుచినీ వాసననీ పట్టుకుపోతారట. తర్వాత మనం తింటే చప్పగా ఉంటుందట. ఆ తల్లి పంపిన మెసేజ్‌ని ఫోన్లో తెలుగులోకి మార్చుకుంటే, అడిగింది ఇంతే. "నా బిడ్డ ప్రాణం పోయిన ఇంట్లో, నా బిడ్డ పెంచిన కూర వండి పెట్టు. తర్వాత తిని, ఎలా ఉందో చెప్పు. అంత దూరంలో పోయింది, దారి తెలుసుకుందో లేదో నాకు తెలియాలి."

సుజాత సరేనంది. అన్న తర్వాత భయం పట్టుకుంది. చనిపోయినవాళ్ళకి అన్నం పెట్టడం వాళ్ళ తాతగారి కాలంలోనే మానేసిన కుటుంబం వాళ్ళది. అది తప్పని వాళ్ళ నాన్నగారు ప్రసంగాల్లో చెప్పగా వింటూ పెరిగింది. పైగా పండుగ తర్వాతి సోమవారం నుంచి ఆమెని హాస్టల్‌కి మార్చేస్తున్నారు. ఆ తోటలో అదే ఆఖరి కోత. నేను సెలవు పెట్టి, ముందురోజు ఉదయం ఆరున్నర బస్సుకి టికెట్ తీసుకున్నాను.

టికెట్ ఫోన్లోనే కొనుక్కోండి, నమాజు వేళ కౌంటర్ మూసేస్తారు. ఇఖామా, అంటే నివాస కార్డు, చేతిలోనే ఉంచుకోండి, దారిలో చెక్‌పోస్టు దగ్గర అడుగుతారు. ఉదయం బస్సయితే కుడివైపు సీటు మేలు, ఎండ ఎడమవైపు కొడుతుంది. నాకు ఎడమవైపే దొరికింది. పక్కన ఒక ఈజిప్టు పెద్దావిడ. కూతురి పురుడుకని రియాద్ వెళ్తోంది. ఆవిడ అరబిక్ నాకు సగమే అర్థమవుతుంది, నా ఆసుపత్రి అరబిక్ ఆవిడకి పావు వంతు. అయినా తన శాలువా సగం కిటికీకి కట్టి నా మీద ఎండ పడకుండా చూసింది. మధ్యలో ఒక పెట్రోలు బంకు దగ్గర అరగంట ఆపారు. ఇద్దరం పాలు లేని టీ తాగాం, నేను తెచ్చుకున్న పులిహోర ఆవిడకి పెట్టాను. కరివేపాకులన్నీ ఏరి పక్కన పెట్టి, బాగుందని తల ఊపింది.

మధ్యాహ్నానికి రియాద్‌లో అజీజియా బస్టాండు. అక్కడ ఖర్జ్ వెళ్ళే కార్లు ఉంటాయి, నలుగురు నిండగానే బయల్దేరతాయి. మా డ్రైవరు పాకిస్తాన్ అతను. పాటలు గట్టిగా పెట్టుకున్నాడు. అక్కా అన్నట్టు బాజీ అని పిలిచి, ఖర్జ్‌లో ఎవరున్నారని హిందీలో అడిగాడు. స్నేహితురాలు ఉంది, ఆమె స్నేహితురాలు చనిపోయింది, అందుకే వెళ్తున్నానన్నాను. అతను ఏదో దువా చదువుకుని పాటలు కట్టేశాడు, ఊరు వచ్చేదాకా మళ్ళీ పెట్టలేదు.

సుజాత చిక్కిపోయింది. గుమ్మంలోనే నన్ను పట్టుకుని, "పడుకుంటున్నాను, తింటున్నాను, నన్నేమీ అడక్కక్కా" అంది. నేను అడగలేదు. ఆ రాత్రి క్యాంటీన్ నుంచి తెచ్చిన ఖబూస్ రొట్టెలు, పప్పు తిని పడుకున్నాం. వంటింట్లో పొయ్యి చాలా రోజులుగా వెలిగించినట్టు లేదు.

తెల్లవారి దొడ్డి తలుపు నేనే తీశాను. ఎండిపోయి ఉంటుందనుకున్నాను. పచ్చగా ఉంది. టమాటాలు, పచ్చిమిరప, కొత్తిమీర, గోడ పక్కన రెండు వరసల్లో కాగితం సంచుల్లాంటి తొడుగుల్లో ఆకుపచ్చ కాయలు. వాటి కింద నేలంతా అల్లుకుని పావిలికూర. ఒకాయన పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. ఆసుపత్రి ఇళ్ళకి ఏసీలూ కొళాయిలూ బాగుచేసే మల్లయ్య, జగిత్యాల మనిషి, యాభై దాటాయి. రోసా పోయిన మర్నాటి నుంచీ ఎవరూ చెప్పకుండానే నీళ్ళు పోస్తున్నాడట.

"గివి బుడ్డకాశ చెట్లనుకున్న సిస్టర్," అన్నాడు తొడుగు కాయలు చూపించి. "గడ్డి అనుకోని పీకవోయిన. రోసమ్మ వంటింట్లకెళ్ళి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. గివి లేకుంటె మా కూరనే లేదన్నది. అప్పటి సంది గీటి జోలికి పోలే."

మా వైపు వాటిని కుపంటి అంటాం, చిన్నప్పుడు నుదుటి మీద కొట్టి టప్‌మనిపించేవాళ్ళం. ఇవి వాటికి పెద్దక్కల్లా ఉన్నాయి. తొమతియో అంటారని, టమాటాకి చుట్టమేనని సుజాత చెప్పింది. పావిలికూరకి మాత్రం ఆ దొడ్లో పేర్లు ఎక్కువయ్యాయి. మల్లయ్యకి గంగవాయిలి, సౌదీలకి రిజ్లా, రోసాకి వెర్దొలాగా. రోసా తల్లి అడిగిన కూర అదే. తొమతియోలు ఉడికించి నూరి, ఆ పులుసులో ఈ ఆకు వేసి వండాలి.

సుజాత గుమ్మం మీదే నిలబడింది. దిగలేదు.

"వండుతానక్కా. వండడంలో తప్పు లేదు. ఫొటో ముందు పెట్టడమే నా చేత కాదు. ఆ అమ్మకి మాటిచ్చాను, మా నాన్నకి తెలిస్తే ఏమంటాడోనని కాదు, నాకే లోపల ఒప్పడం లేదు. పెట్టకుండా పెట్టానని చెప్పలేను. నేను అబద్ధం ఆడలేను."

మల్లయ్య కొళాయి కట్టేసి వచ్చాడు. "నువ్వు పెట్టకు సిస్టర్. నేను పెడ్త. మేం పెత్రామాస నాడు పెద్దలకు పెట్టుకుంటం గద, నాకేం తప్పు లేదు. నువ్వు వండు, సాలు."

సుజాత లోపలికెళ్ళి గిన్నె తెచ్చుకుంది. తర్వాత చెప్పులు వేసుకుని దొడ్లోకి దిగింది, పావిలికూర పక్కన కూర్చుని కోయడం మొదలుపెట్టింది. నేను తొమతియోల తొడుగులు ఒలిచాను. లోపలి కాయ జిగురుగా ఉంటుంది, చేతులకి అంటుకుని ఒక పట్టాన వదలదు.

ముందు రాత్రి నేను నిద్రపోయాక సుజాత లేచి, పొయ్యి వెలిగించి, మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్ళలో ఉడికించి నానబెట్టింది. ఇండియన్ షాపులో కిళ్ళీకి అమ్మే సున్నమే. రోసా ఏళ్ళ తరబడి దానితోనే చేసేదట. పొట్టు పోయేలా కడిగి, రుబ్బి, ముద్ద చేశాం. ఆ ముద్దతో రొట్టెలు వత్తడం మా ఇద్దరికీ రాలేదు, అంచులన్నీ చిరిగిపోయాయి. మల్లయ్య చేతులు కడుక్కుని వచ్చి, "మక్కరొట్టె గిట్లనా చేసేది," అని మమ్మల్ని పక్కకి జరిపాడు. అరచేతుల మధ్యే గుండ్రంగా తట్టి పెనం మీద వేశాడు. నేను నవ్వాను, సుజాత నవ్వలేదు.

పొయ్యి మీద ఒకవైపు నేను కాయలు ఉడికించి పచ్చిమిరప, వెల్లుల్లి వేసి నూరుతున్నాను. ఇంకోవైపు సుజాత ఉల్లిపాయ వేయించి ఆకు మగ్గబెడుతోంది. నూరింది అందులో పోశాం, కుతకుత ఉడికింది. అలవాటు చొప్పున గరిటె అరచేతి మీద వంచుకోబోయాను.

"రుచి చూడద్దు సిస్టర్," అన్నాడు మల్లయ్య. "ఎంగిలైతది. వాళ్ళు తిన్నంకనే మనం."

మా ఇంట్లో ఇలాంటివి లేకపోయినా ఎంగిలి అన్న మాటకి చెయ్యి దానంతటదే ఆగింది. గరిటె దించేశాను.

రోసా ఫొటోని దొడ్లో స్టూలు మీద పెట్టాం. ఆసుపత్రి గుర్తింపు కార్డు కోసం తీయించుకున్న ఫొటో, అందులో ఆమె కాస్త కోపంగా ఉంటుంది. మల్లయ్య పళ్ళెంలో రెండు రొట్టెలు, కూర, పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టాడు. "రోసమ్మా, నీ తోటల కూర. నీ దోస్తు వండింది. తినిపో," అన్నాడు. మామూలుగా, పక్కింటి మనిషిని పిలిచినట్టే అన్నాడు. సుజాత గుమ్మం దగ్గరే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"మా దిక్కు కాకి ముట్టాలె. ఈడ కాకులేవి," అన్నాడు మల్లయ్య. "మా నాయినకు గీడికెళ్ళే పెడుతున్న. పావురాలు తింటయి. ఏం జేస్తం, ఈ దేశంల ఉన్నదానికే పెట్టాలె."

పావురాలు కూడా ఆ రోజు రాలేదు. నీడ గోడ దాకా వచ్చేవరకు ఆగి, పళ్ళెం లోపలికి తెచ్చాం. మిగిలిన కూర కూడా దించి ముగ్గురం నేల మీద కూర్చున్నాం. సుజాతే మొదట రొట్టె ముక్కతో కూర తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగింది. మమ్మల్ని చూడకుండా తల వంచుకుంది.

"రుచి లేదు," అంది. అని, ఏడ్చింది. ఆగస్టు నుంచి ఆగిన ఏడుపు. చెయ్యి ఎంగిలిగా ఉండగానే, కొంగుతో తుడుచుకోవాలని కూడా తోచనట్టు ఏడ్చింది. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకూ దుఃఖం వచ్చింది, దాచుకోలేదు.

తర్వాత నేనొక ముక్క తిన్నాను. పులుపుంది, కారముంది, రెండూ ఎక్కడో దూరంగా ఉన్నాయి. కూరలో ఉప్పు లేదు. నేను వేశాననుకుని ఆమె, ఆమె వేసిందనుకుని నేను, ఇద్దరం వెయ్యలేదు. రుచి చూసి ఉంటే అక్కడే తెలిసేది. నేను మల్లయ్య వైపు చూశాను. ఆయన రొట్టె తుంచుకుంటూ తింటున్నాడు. తల ఎత్తలేదు.

సుజాత ముఖం కడుక్కుని రోసా తల్లికి వీడియో కాల్ చేసింది. మెక్సికోలో ఇంకా తెల్లవారలేదు, ఆ తల్లి మేలుకునే ఉంది. వెనక ఎన్నో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. సుజాతకి వచ్చిన స్పానిష్ అంతా రోసాతో వంటింట్లో నేర్చుకున్నదే, ఉల్లిపాయలూ నిప్పూ నీళ్ళూ. ఆ మాటల్తోనే చెప్పింది. కూర వండాం, పెట్టాం, తిన్నాం, రుచి లేదు అని. ఆవిడ ఇంకోసారి చెప్పమంది. సుజాత మళ్ళీ చెప్పింది. ఆవిడ రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చేతులు తీసి, వెనక ఎవరినో పిలిచి, ఆ మాటే వాళ్ళకి చెప్పింది.

మర్నాడు పొద్దున్నే మల్లయ్య కంపెనీ పికప్‌లో నన్ను కార్లు ఆగే చోటికి దింపాడు. బ్యాగు అందిస్తూ, "ఉప్పు ముచ్చట ఆ సిస్టర్‌కు చెప్పకుండ్రి," అన్నాడు. చెప్పనన్నాను. ఆయనకి మళ్ళీ డ్యూటీ ఉంది, ఆగలేదు.

రియాద్‌లో బస్సు మారడానికి గంటన్నర టైముంది. బస్టాండు హోటల్లో ఫూల్ తిన్నాను. ముద్దగా ఉడికిన చిక్కుడు గింజలు, మీద ఆలివ్ నూనె. అన్నం కావాలంటే మధ్యాహ్నం దాకా ఆగాలి. ఈసారి ఎండ పడని వైపే సీటు దొరికింది. ఊరు దాటాక సుజాత ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది, కాని అది నాకు తెలిసిన సుజాత గొంతే.

"చేరావా అక్కా?"

"ఇంకా లేదు. నిద్రపోయావా?"

"పోయాను. తెల్లారి లేచి మిగిలిన కూరలో ఉప్పేసుకుని తిన్నాను."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మొదటి ముద్దకే తెలిసిందక్కా. నువ్వు మల్లయ్యగారి వైపు చూస్తే ఆయన తల ఎత్తలేదు, దాంతో మీకూ తెలిసిందని అర్థమైంది."

"మరి ఆ అమ్మకి..."

"రుచి లేదన్నాను. లేదు కదా. ఆవిడ అడిగిందానికి ఉన్నదే చెప్పాను. ఉప్పేశాక చాలా బాగుందక్కా. రోసా చేసినట్టే వచ్చింది. నీకు పెట్టలేకపోయాను."

హఫర్ చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడుగునా రెండువైపులా అదే ఇసుక, అక్కడక్కడ ఒంటెలు. ప్రయాణం బాగా జరిగిందా అని వార్డులో అడిగారు. బాగానే జరిగిందన్నాను. ఒక తల్లి తన బిడ్డకి దారి తెలిసిందని నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని మేం ముగ్గురం కాపాడుతున్నాం. ఆ ఏడు నుంచి నవంబరు రెండు వచ్చిన ప్రతిసారీ నేను కూరలో ఉప్పు వేసేముందు ఒక ముద్ద తింటాను.