కొంచెమే అంటే రోతపడే మనిషి

మిస్త్రీ అన్న పోయాడని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అప్పుడు నేను మా రేషన్ డిపోలో బియ్యం తూకం వేస్తున్నాను. ఖమ్మం దవాఖానాలో నాలుగు రోజులు ఉన్నాడట, తెల్లవారుతుండగా ప్రాణం పోయిందట. ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ మనిషి సంచిలో బియ్యం పోసి, అలవాటు ప్రకారం అందులోంచి ఒక గుప్పెడు వెనక్కి తీసి నా బస్తాలో వేసుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

మధ్యాహ్నానికల్లా ఏన్కూరు సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో మిస్త్రీ అన్న మొహం అరచేయంత ఉంది. ఖమ్మంలో బండ్లకు హంగులు అమ్మే దుకాణదారు మొహం తలుపంత ఉంది. ‘మా గురువుగారికి కన్నీటి వీడ్కోలు’ అని కింద రాయించాడు. బతికుండగా ఆ దుకాణం మాటెత్తితే పక్కకు తిరిగి ఉమ్మేసిన మనిషికి ఇదా వీడ్కోలు?

మిస్త్రీ అన్న బొగ్గుగనుల్లో వర్క్‌షాపు పని చేసి, రిటైరయ్యాక ఏన్కూరు రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. రోతపడటం ఆయన స్వభావం. పగులు మీద లప్పం పూసి రంగు కొట్టిన ఇంజన్ చూస్తే రోత. వంకర వెల్డింగు చూస్తే రోత. కాగితం కప్పులో టీ అన్నా రోతే, అందుకని స్టీలు గ్లాసు వెంట తెచ్చుకునేవాడు. ఆయనకు నచ్చిన వస్తువు ఏదైనా ఉందా అని నేను చాలాసార్లు అనుకున్నాను. నచ్చితే ఏమీ అనేవాడు కాదు, అదొక్కటే గుర్తు.

మా ఊరు అడవి అంచున ఉంటుంది. వాగు అవతల మూడు కోయ గూడేలున్నాయి, వాళ్ల బియ్యం నా డిపో నుంచే వెళ్లాలి. వానలు పడితే మా పికప్ రేవులోనే కూరుకుపోయేది. గూడెం ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లు దాటి వచ్చి, సంచులు నెత్తిన పెట్టుకుని మళ్లీ ఆ నీళ్లలోనే దిగేవాళ్లు. వాగు పెద్దగా వస్తే అదీ లేదు, బియ్యం ఇటుపక్కే ఉండిపోయేది. ఈ బాధ తీరుతుందని మా ఆయన బండిని ఖమ్మంలో ఆ హంగుల దుకాణానికే తీసుకెళ్లి, లావు టైర్లు వేయించి, నెత్తిన లైట్లు పెట్టించి, తలుపు మీద పులి బొమ్మ అతికించుకొచ్చాడు. మొదటి వానకే పులి బురదలో కూర్చుంది. ట్రాక్టరుతో లాగించి షెడ్డుకు చేర్చాం.

మిస్త్రీ అన్న బండి కిందకు దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు. 

“ఏంది చెల్లె గిది? ముంగటి చక్రాలు ఉత్తగనే దొర్లుతున్నయ్. పులి బొమ్మ గుంజుతదా బండిని?”

ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే పోతోందని, ముందు చక్రాలు కూడా లాగితే తప్ప ఆ ఒడ్డు ఎక్కదని చెప్పాడు. పాత జీపుల తుక్కులోంచి ముందు ఇరుసు ఒకటి, బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేరుడబ్బా ఒకటి ఏరుకొచ్చాడు. వాటికి తగినట్టు షాఫ్టులు కోయించాడు. ఇక బిగించడమే తరువాయి అనుకుని మేం సంబరపడుతుంటే, సుద్దముక్క తీసి నా చేతిలో పెట్టాడు.

వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, ఇరుసుకు కలిసే షాఫ్టు మీద నాతో గీత గీయించాడు. చక్రాన్ని తను చేత్తో రెండు చుట్లు తిప్పుతుంటే, ఆ గీత ఎన్నిసార్లు తిరిగొస్తుందో లెక్కపెట్టమన్నాడు. నాలుగుసార్లు వచ్చి, మరో పావు చుట్టు తిరిగింది. కొత్తగా తెచ్చిన ముందు ఇరుసునూ అలాగే తిప్పాడు. నాలుగున్నర వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే. ఆయన మొహం చేదు మింగినట్టయింది. ముందు చక్రాలది ఒక లెక్క, వెనక చక్రాలది ఒక లెక్క అయితే, బురదలో ఎలాగో జారుకుంటాయి గానీ గట్టి నేల మీద ఒకదాన్నొకటి పీక్కుని మధ్యలో గేరుడబ్బాను పగలగొడతాయట. ఇంకో ఇరుసు వెతకాలన్నాడు.

అప్పటికే మబ్బులు కమ్ముకుంటున్నాయి. నాకు ఒళ్లు మండింది. పావు చుట్టే కదా అన్నా, ఇంత కొంచెం తేడాకు మళ్లీ మొదటికొస్తామా అన్నాను.

ఆయన చేతులు తుడుచుకోవడం ఆపి నా వైపు చూశాడు.

“కొంచెమంటే ఏంది చెల్లె? గూడెపోళ్లకు నువ్వు గట్లనే జోకుతవా?”

అది నా తూకం మీద మాట. రేషన్ డీలర్లం అందరం తీసేదే ఆ గుప్పెడు. బస్తాకు పడ్డ చిల్లులకు, ఎలుకలకు, నేల మీద రాలినదానికి అని మనిషికో గుప్పెడు వెనక్కి తీసుకుంటాం. దానికి తరుగు అని పేరు పెట్టుకున్నాం. నిజంగా తరిగేది దోసెడు, మా ఇంటికి చేరేది బస్తా. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయన ఒక్కసారి అన్నాడు, మళ్లీ ఎత్తలేదు.

సరిపోయే ఇరుసు దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ గూడెపువాళ్లు నీళ్లలోనే నడిచారు, నేను ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. చివరికి ఒకరోజు సుద్ద గీత రెండు వైపులా ఒకే చోట ఆగింది. ఆయన ఏమీ అనలేదు. బండి బిగించాక, ముందు చక్రాలకు బలం కలిపే చిన్న లివరు నా చేత పదిసార్లు వేయించి, “నీళ్లల్ల దిగకముందే వెయ్యాలె, ఇరుక్కున్నంక కాదు” అని నేర్పాడు. మొదటి ప్రయాణంలో బస్తాల మధ్య కూర్చుని ఆయనా వచ్చాడు. ముందు చక్రాలు ఒడ్డును పట్టుకుని బండిని పైకి లాగుతుంటే నాకు కళ్ల నీళ్లొచ్చాయి. తిరిగి వచ్చాక ఇరుసు నూనె దింపి, రెండు వేళ్ల మధ్య రుద్ది, ఇనుప రజను లేదని చూసుకుని లేచాడు.

ఆ రోజు మా ఇంట్లో కోడికూర వండాను. భోజనానికి రమ్మంటే ఆకలి లేదన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. షెడ్డు ముందు కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకున్నాడని మా ఆయన చూసొచ్చి చెప్పాడు. ఇంత చేశాం, మనిషికి పొగరు అనుకున్నాను. మా కుండలో ఉడికేది ఎవరి బియ్యమో ఆయనకు తెలుసని ఒప్పుకోవడానికి, ఆయన చచ్చిపోవాల్సి వచ్చింది. నా మీద నాకు ఇంత రోత ఎన్నడూ పుట్టలేదు.

పదో రోజు సంతాప సభ పెట్టారు. ముందురోజు ఆ దుకాణదారు మా ఇంటికొచ్చాడు. అన్న బాగుచేసిన బండిని కడిగించి, పూలదండ వేసి స్టేజీ ముందు నిలబెడితే ఫొటోలు బాగా వస్తాయన్నాడు. తలుపు మీద తన పులి బొమ్మ వెలిసిపోయిందని, కొత్తది తెచ్చానని చూపించాడు కూడా. సభ రోజే గూడేలకు బియ్యం పోవాల్సిన రోజు, పైన వాన కూడబెట్టుకుని ఉంది. మా ఆయన మొహమాటపడి, కొంచెం ఆలస్యమైతే ఏమైంది, ఎల్లుండి పోదాం అన్నాడు. ఆ కొంచెం అన్న మాట వినగానే నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. బండి రాదని ఇద్దరికీ చెప్పాను.

పొద్దున్నే బస్తాలేసుకుని నేనే బయలుదేరాను. సభ మైకు రోడ్డు పొడుగునా వినిపించింది, ఎవరో ఆయన్ని మహనీయుడంటున్నారు. విని ఉంటే గ్లాసు పట్టుకుని లేచిపోయేవాడు. రేవు దగ్గర ఆగి, నీళ్లలో దిగకముందే లివరు వేశాను.

గూడెంలో తూకం పెట్టి అందరికీ నిండుగా వేశాను. నా చెయ్యి రెండుసార్లు దానంతట అదే సంచి వైపు పోయింది, వెనక్కి లాక్కున్నాను. చివరన వచ్చిన ముసలమ్మ నా దగ్గర ఏళ్ల తరబడి బియ్యం తీసుకుంటున్న మనిషి. సంచి ఎత్తి చూసుకుని, మళ్లీ కింద పెట్టింది.

“తరుగు మరిచినవ్ బిడ్డా” అంది.

నేను వద్దనేలోపే తన సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు నింపి, ఒక్క గింజ కూడా కింద రాలకుండా రెండో చెయ్యి అడ్డం పట్టుకుని, నా బస్తా మీదికి చాచింది.