నాలుగో అల పాదం

నెవియా నల్లదారాన్ని గుండుసూదికి ముడివేసి, ధరల గీతలో మొదటి అల కొన మీద గుచ్చింది. దారాన్ని గళ్ల వెంట కుడివైపుకు లాగి, నాలుగో అల దిగి ఆగినచోటికి తెచ్చింది. అల పాదం దారానికి వెంట్రుకవాసి పైనే ఉంది.

ఇటలీలోని త్రియెస్తె రేవులో, పచ్చి కాఫీగింజలు దిగుమతి చేసే దెగ్రాసి గారి దగ్గర నేను కాఫీ రుచి చూసేవాణ్ణి. నెవియా జాలరి కూతురు. టైపిస్టుగా చేరి, ధరల గీత గీయడం తనంతట తానే నేర్చుకుంది. సముద్రాన్ని చూసి నేర్చావా అని ఏడిపిస్తే, "సముద్రానికి రూల్సుండవు, ఈ అలలకుంటాయి" అనేది. లండన్ ధరలు ఫోన్లో విని రాసుకుని మిల్లీమీటరు గళ్ల కాగితం మీద గీసేది. గడికి పది పౌన్లు. ఇప్పుడు కంప్యూటర్ తెర మీద ఆ గీత రెప్పపాటులో వచ్చేస్తుంది. ఆమె పెన్సిల్ పొట్టు వాసనా నేను వేయించే గింజల వాసనా కలిసి వచ్చే ఆ గది మాత్రం మళ్లీ ఎక్కడా తగల్లేదు.

ఆమె లెక్కలో, పెరిగే ధర ఐదు అలల్లో పెరుగుతుంది. మూడు పైకి, మధ్యలో రెండు కిందికి. నాలుగో అల ఎంత దిగినా మొదటి అల కొన కంటే కిందికి రాకూడదు. వస్తే ఆ లెక్కంతా చెరిపేయాల్సిందే. అలల వరస అంకెలు ముందు పెన్సిల్‌తో వేసేది. దారం చూసి, నోటుపుస్తకంలో ధర చూసి, ఆ తర్వాతే సిరా పెట్టేది.

ఆ రోజు దెగ్రాసి గారు ఆమె వెనకే నిలబడ్డారు. నాలుగు ఖాయమైతే ఐదోది పైకే. ధర ఎక్కకముందే చలికాలానికంతా సరిపడే సరుకు కొనేయాలని ఆయన ఆత్రం. లెక్క తప్పితే మా ఆఫీసుకు తాళమే.

"ఇంకెంతసేపమ్మా? పదకొండింటికి లండన్‌కి ఫోన్ చెయ్యాలి. పైనే ఉందిగా!"

"ఉందండి."

"మరి పెట్టు సిరా!"

పెట్టేసింది. పుస్తకం తెరవలేదు. ఆయన ఈల వేసుకుంటూ వెళ్లిపోయారు.

నేను కాఫీ తీసుకెళ్లేసరికి ఆమె కాగితాల అతుకు మీద గోరు పెట్టి చూస్తోంది.

"ఇటు చూడు లివియో. గళ్ల గీతలు కలవట్లేదు."

మొదటి అల పాత కాగితం మీద, నాలుగోది కొత్తదాని మీద ఉన్నాయి. బోరా అనే ఈదురుగాలి కిటికీలు బాదుతున్న వారంలో అతికించింది. ఎగరకుండా ఒక చివర నేనే పట్టుకున్నాను. కొత్త కాగితం ఒక గడి పైకి అతుక్కుంది. పుస్తకం తీసింది. మొదటి కొన 1842 పౌన్లు. నాలుగో పాదం 1836.

"ఆరు పౌన్లేగా! చూసీ చూడనట్టు వదిలెయ్."

"నీ నాలుక్కి బూజు తగిలితే ఒక్క గింజేలే అని బస్తా పంపించేస్తావా?"

కప్పు బల్ల మీద పెట్టాను. "చివర పట్టుకున్నది నేనే. నా మీద తోసెయ్," అన్నాను.

"పట్టుకున్నది నువ్వు. చూసుకోవాల్సింది నేను. జరుగు, వెలుతురుకి అడ్డం."

నా కెటిల్ ఆవిరి పట్టి అతుకు విప్పింది. గడికి గడి కలిపి మళ్లీ అతికించింది. సగం బ్లేడుతో సిరా అంకెల్ని పొరపొరగా గీకి, గరుకైనచోట గోటితో నునుపు చేసింది. దారం మళ్లీ లాగింది. ఈసారి అల పాదం దారం కింద ఉంది. అంకెల చోట పెన్సిల్‌తో ప్రశ్నార్థకం ఒక్కటే వేసింది.

కాగితం తీసుకుని మేం ఆయన గదికి వెళ్లేసరికి దెగ్రాసి గారి చేతిలో ఫోనుంది.

"నాలుగో అల లేదండి. అతుకు తప్పింది. తప్పు నాది."

"లండన్ లైన్లో ఉంది నెవియా! ఇప్పుడా చెప్పేది?"

"కొన్నాక చెప్పమంటారా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. "మళ్లీ చేస్తా," అని ఫోన్లో చెప్పి పెట్టేశారు. తర్వాత రెండు చేతులూ చాచి కాగితం అందుకున్నారు.