ఎడమ చేతి కడియం

పదేళ్లుగా మా ఇంట్లో చలికోట్ల వెనక ఒక పాత ఆల్బమ్ ఉంది. పెద్ద బరువేమీ కాదు, ఒక చేత్తో ఎత్తొచ్చు. అయినా కోటు కోసం అలమర తలుపు తీసినప్పుడల్లా నా చెయ్యి దాన్ని తప్పించుకుని పోతుంది. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది అమెరికాలో, ఎడిసన్‌లో. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే, ఇతరుల తప్పులు పట్టుకున్నందుకు జీతమిస్తారు. నా తప్పు పట్టుకునే ఉద్యోగం మాత్రం ఎవరికీ లేదు.

ఆ రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక గ్రూప్ నడిపేదాన్ని. పాత బర్మా ఫోటోలు పెట్టి, వాటిలో ఏముందో వివరించడం నా పని. మా శ్రీకాకుళం వైపు నుంచి ఒకప్పుడు ఎందరో రంగూన్‌కి కూలికి వెళ్లారు. ఊళ్లో దాన్ని 'రంగం' అనేవాళ్లు. మా తాత కూడా రంగం వెళ్లొచ్చినవాడే. పంచె కట్టు, దుకాణం బోర్డు, ఓడ పొగగొట్టం చూసి ఇది ఫలానా రేవు అని నేను రాస్తే జనం మెచ్చుకునేవారు. మొదట్లో 'అనుకుంటున్నాను' అని రాసేదాన్ని. తర్వాత ఆ మాట మానేశాను. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. బహుశా తప్పు అక్కడే మొదలైంది.

ఆ ఆల్బమ్ ఇక్కడే, ఎవరో చనిపోతే వాళ్లింట్లో సామాను అమ్ముతుంటే కొన్నాను. ఆ ఇంటాయన ఓడల్లో పనిచేసిన మనిషట. అందులో ఒక ఫోటో. రేవులో బస్తాల మీద కూర్చున్న అయిదుగురు మనవాళ్లు. మూడో మనిషి ఎడమ చేతికి లావుపాటి కడియం. కుడి అంచున ఒక చెక్కపెట్టె, దాని మీద ఇంగ్లిష్‌లో పినాంగ్ అని పెద్ద అక్షరాలు. పినాంగ్ మలయాలో ఉంది, బర్మాలో కాదు. పెట్టె పినాంగ్‌కి వెళ్లాల్సిందేమో, రేవు రంగూనేనేమో అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ అంచు కత్తిరించి, 'రంగం రేవులో మనవాళ్లు' అని పెట్టాను.

వారం తిరక్కుండా నా స్నేహితురాలు పద్మ, 'మా అమ్మ నీ ఫోటో చూసి అడుగుతోంది, ఒకసారి రా' అని ఫోన్ చేసింది. వాళ్లమ్మ అనసూయమ్మగారు సోంపేట నుంచి ఆరునెలలు ఉండి వెళ్దామని వచ్చారు. నేను ఆవిడను పిన్నీ అనేదాన్ని. ఆవిడ కడుపులో ఉండగానే తండ్రి రంగం వెళ్లాడు. యుద్ధం వచ్చింది, బాంబులు పడ్డాయి, బతికినవాళ్లు అడవుల వెంట నడిచొచ్చారు. ఆయన రాలేదు. ఆవిడ ఆయన ముఖం ఎరగరు. తల్లి చివరిదాకా బొట్టు తీయలేదు. పెద్దల అమావాస్యకు అందరి పేరా విస్తరి వేసేవారు గానీ ఆయనకు వేయనిచ్చేది కాదట, బతికున్న మనిషికి పెడతారా అని. తల్లి పోయాక కూడా, ముఖమైనా తెలియని మనిషికి ఏమని పెట్టేది?

నేను వెళ్లేసరికి పిన్ని సోఫాలో ఐప్యాడ్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మూడో మనిషిని వేలితో పెద్దది చేసి చూస్తున్నారు. పద్మ, వాళ్లాయన నిలబడి నా వైపే చూస్తున్నారు.

"ఈ కడియం సూసే అనుకున్నానమ్మా. కానీ మా నాన్నకి కుడి సేతికుండేదని మాయమ్మ సెప్పీది. ఈయనకి ఎడం సేతికుంది. ఏటమ్మా ఇది?"

నాకు తెలుసు. ఆ పెట్టె మీద అక్షరాలు అద్దంలోలా కాక తిన్నగా ఉన్నాయి. కుడి కుడే, ఎడమ ఎడమే.

"పాత ఫోటోలు ఒక్కోసారి తిరగబడి ప్రింటవుతాయి పిన్నీ. కుడి కాస్తా ఎడమవుతుంది."

"అయితే ఈయనేనంటావా? నీకు తెలుస్తాది. నువ్వు అవునంటే అవును."

"ఆయనే పిన్నీ."

ఆవిడ ఐప్యాడ్ కళ్లకు దగ్గరగా పట్టుకున్నారు. తర్వాత, "మా నాన్న ఇంత కుర్రోడా? నా మనవడంతే ఉన్నాడు," అన్నారు. కొంగుతో ముందు ఐప్యాడ్ తుడిచి, ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నారు.

జాలితో అన్నానని ఏళ్ల తరబడి నమ్మాను. జాలే అయితే, 'తెలియదు పిన్నీ, అయినా పెట్టుకోండి' అనొచ్చు కదా? ఆ 'తెలియదు' నోటికి రాలేదు. ముగ్గురి ముందు, పెద్ద తెలిసినదాన్నని పేరు తెచ్చుకుని, తెలియదని ఎలా అంటాను? కత్తిరించిన అంచు గురించి ఎలా చెబుతాను? అంతే. దీనికి ఇంతకంటే మంచి కారణం ఎంత వెతికినా దొరకలేదు.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు పద్మ ఇంట్లో ఆ ముఖాన్ని పెద్దది చేయించి దండ వేశారు. కొత్త పంచె పెట్టారు, విస్తరి వేశారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి గారెలు వడ్డించారు. తిన్నాను.

ఇదొక్కటే అయితే ఎలాగో మోసేదాన్నేమో. నాలుగేళ్ల తర్వాత జార్జియాలోని కమ్మింగ్ నుంచి ఒక కాలేజీ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఇక్కడే పుట్టిన పిల్ల, వచ్చీరాని తెలుగులో కష్టపడి రాసింది. ఆ మూడో మనిషి వాళ్ల తాతమ్మకు నాన్నలా ఉన్నాడట. పినాంగ్‌లో పనిచేసేవాడట, ఎడమ చేతికి కడియం ఉండేదట. 'ఆంటీ, ఫుల్ ఫోటో ఉందా? తాతమ్మకి చూపించాలి. ఆమెకి చాలా ఏజ్ అయింది,' అని అడిగింది. నేను జవాబివ్వలేదు. నెల తర్వాత మళ్లీ అడిగింది. తేలు కుట్టిన దొంగలా ఫోటో తీసేశాను, కొన్నాళ్లకు గ్రూపే మూసేశాను. ఉద్యోగంతో తీరిక లేదని అందరికీ చెప్పాను.

ఒక కూతురికి తండ్రి కానివాణ్ణి ఇచ్చాను. ఇంకొక కూతురి తండ్రిని నా కోట్ల వెనక దాచాను. ఆ రెండో ఆవిడ ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. అనసూయమ్మ పిన్ని పోయి రెండేళ్లు. ఇప్పుడు ఆవిడ ఫోటో ఆయన పక్కనే ఉంటుంది. పద్మ ప్రతి ఏడూ ఇద్దరికీ విస్తరి వేసి నన్ను పిలుస్తుంది. మొన్న కూడా వెళ్లాను.

ఈ ఉదయం ఆల్బమ్ బయటికి తీసి, అంచుతో సహా మొత్తం ఫోటో ఆ అమ్మాయికి పంపాను. ఆ పిల్ల ఇంకా చూడలేదు. పద్మకి రెండుసార్లు ఫోన్ చేయబోయి ఆగిపోయాను. ఇది చదివి తను గుర్తుపడుతుంది. పట్టనీ. క్షమించమని అడగను, క్షమించాల్సిన మనిషి లేదు. ఆ సోఫా పక్కన అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది, అది మాత్రం ఇక్కడ అంటాను.

ఫోటో తిరగబడలేదు పిన్నీ. కడియం ఎడమ చేతికే ఉంది.