అడ్డపొగ మీద నా కక్ష

ఆ రోజు నెత్తళ్ళ చేపల పులుసు పొయ్యి మీంచి దించి, ఎప్పటిలాగే అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూశాను. అంగిలి భగ్గుమంది. కారం ఎక్కువైందేమోనని నీళ్ళు పుక్కిలించి, పులుసులో ఇంకాస్త చింతపండు పిసికి పోశాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన వెల్డింగ్ షాపు కుర్రాళ్ళు ఒక ముద్ద తిని ముఖాలు చూసుకున్నారు. "ఏటి పిన్నీ, పులుపు తప్ప ఇంకేటీ తగల్లేదు" అన్నారు. మా ఆయన్ని రుచి చూడమన్నాను. "కారం అసల్లేదే" అన్నాడు. తప్పు పులుసులో కాదు, నా నోట్లోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఆటోనగర్‌లో వర్క్‌షాపుల వెనక మాకు చిన్న భోజనాల మెస్సు ఉంది. మా ఆయన పక్క సందులో లేతు మిషన్ మీద పనిచేస్తాడు. మెస్సు మాత్రం పూర్తిగా నాదే. సత్తెవతి చేపల పులుసు అంటే పూర్ణా మార్కెట్ నుంచి కూడా బళ్ళేసుకుని వస్తారు. నాకు చదువు పదో తరగతితో ఆగింది, నగా నట్రా లేవు, ఉన్నదల్లా ఈ నోటి రుచే. ఆ రుచినే తినెయ్యడానికి వచ్చిన దాని గురించి రాస్తున్నాను కాబట్టి నా మాటల్లో శాంతం వెతక్కండి. నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

అడ్డపొగ అంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపలికి తిప్పి పెట్టుకుంటాం. పెదాలు మూసి పీలుస్తాం. మా వైపు ఆడవాళ్ళకి ఇది వింత కాదు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. చేపలు తోముతున్న తడి చేతులతో చుట్టని మాటిమాటికీ ముట్టుకోనక్కర్లేదు. బూడిద కూరలో రాలదు. ఇన్ని సుఖాలుంటే ఎవరు కాదంటారు? నాకు దీన్ని నేర్పింది పైడమ్మ వదిన, మా ఆయన అక్క. నా పెళ్ళైన కొత్తలో ఒకసారి పన్ను సలుపుతుంటే, తన నోట్లో చుట్ట తీసి నా నోట్లో పెట్టింది. "గట్టిగా పీల్సు, నొప్పి ఎలిపోతాది" అంది. నొప్పి ఆ పూటకి పోయింది కానీ చుట్ట నా దగ్గరే ఉండిపోయింది. వదిన భీమిలిలో చేపల వ్యాపారం చేస్తుంది. మా మెస్సుకి చేపలు తెచ్చేదీ ఆవిడే. రోజూ పొద్దున్నే ఆవిడ గంప దించాక, ఇద్దరం పెరట్లో పీటలేసుకుని, చెరో చుట్టా నోట్లో పెట్టుకుని చేపలు బాగుచేసేవాళ్ళం.

నోటి రుచి పోయిందని పళ్ళ ఆసుపత్రికి వెళ్తే, కాగితం పట్టుకున్న డాక్టరమ్మ అడిగింది. సిగరెట్? లేదు. బీడీ? లేదు. గుట్కా, ఖైనీ? లేదు. నేను అబద్ధమాడుతున్నానని నాకు తోచనేలేదు. పొగతాగడమంటే మగాళ్ళు రోడ్డు మీద నిలబడి వదిలేదే అనుకునేదాన్ని. తర్వాత పెద్ద డాక్టరుగారు వచ్చి, చిన్న అద్దం నోట్లో పెట్టి అంగిలి చూశారు. చూస్తూనే "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. భీమిలి దగ్గరన్నాను. "అడ్డపొగ ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. చుట్ట సంగతి మీ అమ్మాయి అడగలేదు కదండీ అన్నాను. ఆయన నవ్వలేదు. అంగిలి మీద తెల్లటి మచ్చ, మధ్యలో ఎర్రటి చోటు ఉన్నాయని, బయాప్సీ చెయ్యాలని అన్నారు.

రిపోర్టు వచ్చిన రోజు మా ఆయన కూడా వచ్చాడు. "మోడరేట్ డిస్‌ప్లేసియా" అన్నారు డాక్టరుగారు. క్యాన్సరా అని అడిగాం. "ఇంకా కాదు. కానీ ఇలాగే వదిలేస్తే అటే పోవచ్చు. చుట్ట ఈ రోజే ఆపాలి. ఆపినా మచ్చ పెరిగితే సర్జరీ. అంగిలి కొంత తీసేసి అక్కడ ప్లేటు పెడతాం."

"ప్లేటు పెడితే రుచి తెలుత్తాదేటండీ?" అని అడిగాను.

"ముందు నీళ్ళు ముక్కులోంచి రాకుండా చూసుకోవాలమ్మా. మాట అర్థమయ్యేలా రావాలి. రుచి సంగతి ఆ తర్వాత" అన్నారు. మెస్సు మూసుకోవాల్సిందే అనుకున్నాను.

నోట్లో ముక్క తీసిన పుండు ఉంది కాబట్టి నమిలే గమ్ వద్దని, చేతికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ రాశారు. కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి మంచిదే, పాపం. "క్రేవింగ్, అంటే పీల్చాలన్న కోరిక, చుట్టంలాంటిదమ్మా, వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది. కంగారు పడకుండా పలకరించి పంపెయ్యండి" అంది. నాకు ఒళ్ళు మండింది. నా నోరు తిన్నదానికి నేను మర్యాదలు చెయ్యాలా అన్నాను. ఆ అమ్మాయి నవ్వేసి, "సరే, మీకు ఎలా కుదిరితే అలా చెయ్యండి. చుట్ట మాత్రం ఇవ్వకండి. ఇవ్వకపోతే దానంతటదే దిగుతుంది" అంది. నాకు ఆ చివరి మాటే నచ్చింది.

ఇంటికి రాగానే, పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చి దాచుకున్న చుట్టల కట్ట తీశాను. పారేస్తే మళ్ళీ ఏరుకుంటానని నాకు తెలుసు. చేపలు కడిగిన నీళ్ళ బకెట్‌లో ముంచి, కాలితో తొక్కాను. నెత్తళ్ళ పొలుసు కంపుతో ఉబ్బిపోయాయి. అలా తొక్కుతుంటే నా ప్రాణానికి హాయిగా అనిపించింది.

తర్వాతి రోజులు నరకం. పొద్దున్న లేవగానే చేతులు వణికేవి. తల దిమ్ముగా ఉండేది. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. గరిటె ఎవరైనా పక్కకి జరిపినా విరుచుకుపడేదాన్ని. మా ఆయన అన్నం తిని చప్పుడు చెయ్యకుండా వర్క్‌షాపుకి పారిపోయేవాడు. కోరిక వచ్చినప్పుడు దవడలు బిగుసుకుపోయి, అంగిలి మధ్యలో గీరినట్టుండేది. అప్పుడు నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఆకలి నాకు కాదు, దానికి. నా లోపల కూర్చుని ఇన్నేళ్ళూ మేసింది, ఇప్పుడు మాడుతోంది. "మాడు. ఇంకా మాడు. నీకు పెట్టేది లేదు" అని ఉల్లిపాయలు తరుగుతూ గొణుక్కునేదాన్ని. అది ఎంత గింజుకుంటే నాకు అంత తృప్తి. కాసేపటికి నిజంగానే దిగేది.

ఇక పైడమ్మ వదిన. చుట్ట మానేశానని తెలిసిన పొద్దున గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏటే సత్తీ, మానీసినావంట?"

"మానీసినాను వదినా."

"డాక్టర్లు అలాగే సెప్తారు. మాయమ్మ సచ్చిందాకా కాల్సింది. నాను ఇప్పటికీ కాలుత్తన్నాను. నాకేటయ్యింది?"

"నా నోరు కోసి సూసినారు వదినా."

"కోసినోళ్ళు ఏదో ఒకటి సెప్పాల కదేటి. నీవల్ల అవదులే. అమాస ఎల్లకుండా నివ్వే అడుగుతావు."

అని, నా ఎదురుగా పీట వేసుకుని చుట్ట వెలిగించి, నిప్పు లోపలికి తిప్పుకుంది. ఆ వాసన నా ముఖానికి కొట్టింది. నా నోట్లో నీళ్ళూరాయి. నాకు దీన్ని అంటించింది ఆవిడే, నా ముందు కూర్చుని ఊరించేదీ ఆవిడే అనుకుంటే కడుపు రగిలిపోయింది. ఆ రోజు నుంచి నేను ఆరోగ్యం కోసం మానలేదు. అమావాస్య వెళ్ళాక ఆవిడ ముఖం చూడాలని మానాను. ఇలా రాస్తే బాగోదని మా ఆయన అన్నాడు, కానీ నిజం అదే.

మధ్యలో ఒక వానరోజు ఓడిపోబోయాను. మెస్సుకి ఎవరూ రాలేదు, వండినదంతా మిగిలిపోయింది. వదిన వెలిగించిన చుట్ట పీట మీద పెట్టి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తీశాను. నిప్పు నా వైపు తిప్పాను. పెదవికి సెగ తగిలింది. తలెత్తితే కుళాయి దగ్గర వదిన నన్నే చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. ఆ నవ్వు చూసి చుట్టని చేప పొలుసుల్లో గుచ్చి ఆర్పేశాను. ఆవిడ జాలిపడి ఉంటే మాత్రం కాల్చేసేదాన్ని.

అమావాస్య వెళ్ళింది. "ఏ వదినా, అమాస ఎలిపోనాది" అన్నాను. "పున్నమి రానీ" అంది. నేను పున్నమి కోసం కూడా చూశాను.

అయితే నాకు తెలియకుండా నేనొక వెధవ పని చేస్తున్నాను. చుట్ట మానినా అంగిలికి ఆ సెగ కావాలి. నికోటిన్ సంగతి చేతి మీది ప్యాచ్ చూసుకుంటోంది, సెగ సంగతి ఎవరు చూస్తారు? పొగలు కక్కే టీ నోట్లో పోసుకుని నాలుకతో పైకి నొక్కిపట్టేదాన్ని. వార్చిన గంజి అలాగే పట్టేదాన్ని. చుట్ట కాదు కదా, తప్పేముందని అనుకున్నాను. రివ్యూకి వెళ్తే డాక్టరుగారు అద్దం తీసేసి కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

"మళ్ళీ కాలుస్తున్నారా?"

"లేదండీ, సింహాద్రప్పన్న మీద ఒట్టు."

"మరి ఈ కాలిన పుండు ఎక్కడిది?"

చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. "నికోటిన్‌కి ప్యాచ్ ఇచ్చాను, వేడికి ఏమిచ్చేదమ్మా? ఆ చోటుకి వేడి కూడా దెబ్బే. అన్నీ చల్లార్చి తినండి" అన్నారు. బయట బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. బాధకంటే అవమానం ఎక్కువ. వీధి గుమ్మంలోంచి తోసేస్తే, అది పెరటి గుమ్మంలోంచి వచ్చి నా పొయ్యి పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి కోరిక వస్తే చల్లటి మజ్జిగ నోట్లో పట్టి, అది పోయేదాకా మింగేదాన్ని కాదు. దానికి సెగ అలవాటు కదా, చలితో చావనీ అనుకునేదాన్ని. నెమ్మదిగా ప్యాచ్ డోసు తగ్గించారు. తర్వాత అదీ ఆపేశారు.

చలికాలం అయ్యాక మళ్ళీ బయాప్సీ చేశారు. "మైల్డ్‌కి దిగింది. ఇప్పుడు సర్జరీ మాట లేదు. ఫాలోఅప్‌కి మాత్రం మానకుండా రండి" అన్నారు డాక్టరుగారు. ఆయనకి దండం పెట్టి నేను మెస్సుకి వెళ్ళలేదు. తిన్నగా భీమిలి బస్సెక్కాను. దారంతా వదినతో ఏ మాటలు అనాలో వరస పెట్టుకున్నాను.

వదిన గుమ్మంలో వల పక్కన కూర్చుని ఉంది. నోట్లో చుట్ట ఉంది. "నోరు తెరు వదినా" అన్నాను. ఎందుకే అంది. తెరవమన్నాను. తనకేమీ లేదని చూపించాలనేమో, చుట్ట తీసి ధీమాగా తెరిచింది. ఫోన్ టార్చి వేశాను. అంగిలంతా సున్నం బీటలేసినట్టు ఉంది. వెనక వైపు అంచులు లేచిన పుండు. నా నోట్లో ఉన్నది దీని ముందు ఎంత. ఒక్క క్షణం నాకు సంతోషం కలిగింది, దాచను. మరుక్షణం టార్చి ఆర్పేశాను.

"ఏటుందే?" అంది వదిన. వెంటనే తనే, "నొప్పి లేదే నాకు" అంది.

"నాకూ నొప్పి లేదు వదినా" అన్నాను.

మర్నాడే లాక్కెళ్ళాను. ఆవిడ రానంది, తిట్టింది, ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. డాక్టరుగారు నన్ను తిట్టినట్టే ఆవిడనీ తిట్టాలని నాకుండేది. ఆయన తిట్టలేదు. చాలా నెమ్మదిగా మాట్లాడారు, అందుకే నాకు భయమేసింది. రిపోర్టులో క్యాన్సరే వచ్చింది. ఆపరేషన్ చేసి అంగిలి చాలామటుకు తీసేశారు. నాకు పెడతామన్న ప్లేటు ఆవిడకి పెట్టారు.

ఇప్పుడు వదిన మా ఇంట్లోనే ఉంటోంది. చేపలు నేనే వెళ్ళి తెచ్చుకుంటున్నాను. నా పులుసుకి మళ్ళీ నేనే ఉప్పు చూసుకుంటున్నాను, వెల్డింగ్ షాపు కుర్రాళ్ళు మారు వడ్డించమంటున్నారు. వదిన కోసం అన్నం మెత్తగా చిదిమి, చల్లార్చి పెడతాను. రుచి ఏమీ తెలియడం లేదంటుంది. అంత జరిగినా ఆవిడకి చుట్ట కావాలి. ఆవిడని క్షమించేశావా అని మా ఆయన అడిగాడు. లేదన్నాను. నాకు క్షమించాలని కూడా లేదు.

చదివేవాళ్ళకి ఒక్క మాట చెప్తాను. మీ ఇంట్లో ఎవరైనా పొగాకు మానుతుంటే వాళ్ళకి నీతులు చెప్పకండి. కోరిక వచ్చిన ఆ కాసేపూ ఎవరో ఒకరు పక్కన కూర్చోండి. తిట్టించుకోవాల్సి వచ్చినా సరే లేవకండి.

మొన్న పొద్దున్న వదిన నా చెయ్యి పట్టుకుంది. మాట ముక్కులోంచి వస్తుంది, నాకు మాత్రం అర్థమవుతుంది. "ఒక్కసారే సత్తీ. సగం సుట్ట" అంది. ఇవ్వనన్నాను. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతుంటే నా వైపు ఉరిమి చూసింది.

"నా మీద కసి తీర్సుకుంటన్నావే నివ్వు."

"అవును వదినా, తీర్సుకుంటన్నాను" అన్నాను. ఆవిడ వణుకు తగ్గేదాకా ఆ చెయ్యి నేనూ వదల్లేదు. మెస్సు ఆ రోజు ఆలస్యంగా తెరిచాం.